కూరగాయల జాగలో ఫైరింజన్

1982 ఏప్రిల్ 18

మధ్యాహ్నం మా వార్డులో గుడిసెలు తగలబడ్డాయి. రైలు పట్టాలకు మావైపు, ఇటుక బట్టీ పక్కనున్న వరుస. ఎవరి పొయ్యిలో నుంచో నిప్పురవ్వ లేచింది, గాలి తోడైంది. నేను నా షెడ్డు దగ్గర రంగు వేసిన నూలు ఆరేస్తున్నాను. పొగ చూసి పరుగెత్తాను. అక్కడున్నది ఒకే ఒక బోరింగు. దాని చుట్టూ బిందెలు, బకెట్లు, అరుపులు.

ఫైరింజన్ గంట వినిపించింది. వినిపిస్తూనే ఉంది, దగ్గరికి మాత్రం రాలేదు. గూడ్సు వస్తున్నదని గేటు వేశారట. పట్టాలకు అవతల ఎర్రగా బండి నిలబడి కనిపిస్తున్నది. ఇవతల గుడిసెలు కాలుతున్నాయి. మధ్యలో బొగ్గు డబ్బాలు నింపాదిగా పోతున్నాయి. గేటు తీసి బండి వచ్చేసరికి తడపడానికి బూడిదే మిగిలింది.

కూరగాయలమ్మే యాదవ్వ వాళ్ల అత్త రాములవ్వ మంచం పట్టిన మనిషి. ఆమెను బయటికి తెచ్చేసరికి ఆలస్యమైంది. దవాఖానలో ఉంది.

అందరూ నావైపు చూశారు. కౌన్సిలర్‌ను కదా. నా చేతులకు నీలం రంగు, దాని మీద మసి. 

ఏప్రిల్ 21

రాములవ్వ పోయింది. నేను వెళ్లేసరికి యాదవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"బండి కనిపిచ్చింది గదనే" అంది. "కండ్లకు కనిపిచ్చింది."



మే 6

కౌన్సిల్ సమావేశంలో గుడిసెల సంగతి ఎత్తాను. గెలిచిన ఇన్ని నెలలలో నేను లేచి మాట్లాడడం ఇదే మొదటిసారి. కాగితం మీద రాసుకున్నది చూసి చదివాను. ఫైర్ సర్వీసువాళ్లు ఊరికి రెండో స్టేషన్ కోసం ప్లాన్ వేశారని, దానికి జాగ, నీళ్లు మున్సిపాలిటీ ఇవ్వాలని కమిషనర్ చెప్పాడు. ఆ ప్లాన్ చూసి కౌన్సిల్‌కు చెప్పడానికి ఒక సబ్‌కమిటీ వేయాలట.

"ఇంజన్లు సర్కారువి. మనకెందుకయ్యా తలనొప్పి?" అన్నాడు కిషన్ రావు. మూడుసార్లు గెలిచిన మనిషి. ఆయన మాట్లాడితే సభంతా తలూపుతుంది.

"జాగ మనది, నీళ్లు మనయి, కాలేది మన జనం. మనం చూడకుంటె ఎవలు జూస్తరన్నా?" అన్నాను.

"అయితే నువ్వే జూడు" అన్నాడు. అందరూ నవ్వారు. అట్లా నేను సబ్‌కమిటీ ఛైర్మన్‌నయ్యాను. కిషన్ రావు సభ్యుడు. మూడో ఆయన మొదటి రోజే ఆరోగ్యం బాగోలేదని చెప్పేశాడు.

నా భార్య మొగిలమ్మకు చెబితే "కుర్సీ ఏమన్న ఇస్తరా?" అని అడిగింది. ఇవ్వరన్నాను.

మే 15

ఫైర్ స్టేషన్‌కు వెళ్లాను. ఆఫీసర్ మల్లికార్జున్, పరకాల మనిషి. నాకన్నా చిన్నవాడు. ఆ రోజు గేటు దగ్గర బండిలో ముందు కూర్చున్నది ఆయనే. నేను ఆ మాట ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

"బండి దిగి పట్టాల మీదికెల్లి ఉరుకుదామనుకున్న సర్. ఉరికి ఏం జేయాలె? పైపు బండికి ఉండె."

ప్లాన్ కాగితం బల్ల మీద పరిచాడు. రెండో స్టేషన్‌ను కొత్త కాలనీల వైపు చూపించారు. అది కూడా పట్టాలకు అవతలే! అక్కడి నుంచి మావైపు రావాలన్నా అదే గేటు. పట్టాలను సన్నని గీతగా గీశారు. దాని మీదుగా రోడ్డు దర్జాగా దాటిపోతున్నది.

"మరి గేటు ఏది ఆఫీసరు సాబ్?"

ఆయన వంగి చూశాడు. "ఈ మ్యాపుల గేటు లేదు సర్" అన్నాడు. "పై ఆఫీసుల గీసిండ్రు. నేను గూడ ఇన్నిరోజులు రోడ్డునే జూసిన."

తర్వాత జీపులో బయలుదేరాం. గేటు పడింది. తీసేవరకు జీపులోనే కూర్చున్నాం. మావైపున్న పత్తి గోదాములు, మగ్గాల ఇండ్లు, గుడిసెలు అన్నీ చూపించాను. స్టేషన్ ఇటువైపు ఉండాలని ఇద్దరం ఒకే మాట మీదికి వచ్చాం. ఆయన తన పైవాళ్లకు రాస్తాడు, నేను కౌన్సిల్ తరఫున రాయిస్తాను.

ఇంటికి వస్తుంటే ఛాతీ ఉబ్బినట్లనిపించింది. ఎందుకు దాచడం, ఇది నా డైరీయే కదా.

జులై 2

ఒప్పుకున్నారు! పట్టాలకు ఇటువైపే స్టేషన్. మల్లికార్జున్ స్వయంగా మా షెడ్డుకు వచ్చి చెప్పాడు. చాయ్ తాగించాను. ఒక్కటే షరతు. దసరాలోపు మున్సిపాలిటీ జాగ ఇవ్వాలి. లేకుంటే పాత ప్లానే.

జులై 5

మావైపు మున్సిపాలిటీకి ఉన్న ఖాళీ జాగ ఒక్కటే. కూరగాయల జాగ.

సోమక్క, చిలుకమ్మ, యాదవ్వ, వాళ్లందరూ గంపలు పెట్టుకునే చోటు. ఎండకు ఎండి, వానకు తడిసి అమ్ముకుంటారు. ఎలక్షన్లప్పుడు ఆ గంపల మధ్య నిలబడి "నేను గెలిస్తే మీ నెత్తి మీద రేకులు పడతయి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఓట్లేశారు.

రెండుసార్లు వెతికించాను. ఇంకో జాగ లేదు.

జులై 9

షెడ్డుకు మిల్లు రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లాను. అటు చెట్ల నీడ ఉంది.

జులై 14

మిల్లు రోడ్డునే వెళ్లాను. వాన. అటు బురద తక్కువ.

జులై 20

సోమక్కకు చెప్పాలి. చెప్తాను. అన్నీ ఖాయమయ్యాక చెబితేనే మంచిది. ముందే చెప్పి పేదవాళ్ల గుండెల్లో రాయి వేయడం ఎందుకు?

ఆగస్టు 1

మొగిలమ్మ అడిగింది, "ఇంటికి ఆకుకూర తెచ్చి ఎన్ని దినాలాయె?"

వానాకాలం ఆకుకూరలో పురుగుంటుందని చెప్పాను. నా ముఖం వైపు చూసి, సంచి తీసుకుని తానే వెళ్లింది. తోటకూర తెచ్చింది. పురుగు లేదు.

ఆగస్టు 11

కిషన్ రావు ఇంటికి పిలిచి చాయ్ ఇచ్చాడు. మెత్తగా మాట్లాడాడు.

"ఆ జాగల దుకాణాల మల్గీలు కడదాం వెంకట్రాజం. కిరాయిలొస్తయి. కిరాయిలొస్తె రోడ్లు పడ్తయి, లైట్లు పడ్తయి. ఫైరింజన్ ఏం సంపాదిస్తది? ఏడాదికోసారి గంట కొడ్తది."

ఆయనది పూర్తిగా తప్పు మాటని అనలేను. మా వార్డులో సగం వీధులకు లైట్లు లేవు. అయితే మల్గీలు కట్టినా ఆ గంపలు లేవవలసిందే కదా అని అడిగాను.

"లేవాలె. గని లేపినోడు నువ్వు గాదు, నేను. నీకు చెడ్డపేరు రాదు."

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏముంది? వద్దనే చెప్పాలి. మర్యాద కోసం అట్లా అన్నాను. పెద్దమనిషి.

ఆగస్టు 12

రోజంతా ఆలోచించాను.

ఆగస్టు 19

మిల్లు రోడ్డు అలవాటైపోయింది. నిజానికి ఆ దారే బాగుంది.

ఆగస్టు 23

పొద్దున్నే షెడ్డుకు వచ్చారు. సోమక్క ముందు, వెనుక పదిమంది దాకా. నేను నూలు రంగులో ముంచి ఉన్నాను. చేతులు బయటికి తీయడానికి లేదు, తీస్తే నూలు మీద మచ్చలు పడతాయి. అట్లాగే వంగి నిలబడ్డాను.

"ఏం తమ్మీ, మా దిక్కు వస్తలేవు?" అంది సోమక్క.

"పని ఎక్కువుందక్కా."

"పని ఉంటదిలే. మా జాగ ఫైరింజన్‌కిస్తానవట."

ఎవరు చెప్పారని అడిగాను. నోటికి మొదట వచ్చినది ఆ ప్రశ్నే. ఛీ.

"ఎవలు చెప్తె ఏంది? నువ్వు జెప్పలే గద" అంది చిలుకమ్మ. రోడ్డు మొగదల కూర్చుంటుంది ఆమె. బేరం అంతా ముందు ఆమె దగ్గరే. "ఓట్లకు వచ్చినప్పుడు దారి ఎరుకుండె. ఇప్పుడు మరిచిపోయినవా?"

నేను రేకుల సంగతి మొదలుపెట్టాను. మీ మంచి కోసమే ఆగానని, అన్నీ ఖాయమయ్యాక చెబుదామనుకున్నానని అన్నాను. ఈ డైరీలో రాసుకున్నప్పుడు ఆ మాటలు బాగానే ఉన్నాయి. వాళ్ల ముందు అంటుంటే నాకే వినబుద్ధి కాలేదు.

యాదవ్వ అంది, "మా అత్త కాలిపాయె. ఫైరింజన్ ఎందుకో నాకు తెల్వదానే? నువ్వు వచ్చి అడిగితె వద్దంటుంటినా?"

నూలు వదిలేసి చేతులు బయటికి తీశాను. పాడైతే పాడవనీ.

"తప్పయింది. భయమయ్యింది" అన్నాను.

"మేం కొడ్తమా?" అంది సోమక్క. ఎవరో నవ్వారు. తర్వాత ఆమె అసలు మాట అడిగింది. "ఆ ఇంజన్‌కు ఎంత జాగ గావాలె? అంతా గావాల్నా, సగం గావాల్నా?"

నాకు తెలియదు. ఛైర్మన్‌ను, ఇన్ని నెలలుగా తిరుగుతున్నాను, ఆ ప్రశ్న మల్లికార్జున్‌ను ఒక్కసారి కూడా అడగలేదు. జాగ పోతుందని భయపడ్డానే గాని, ఎంత పోతుందో చూడలేదు.

ఆగస్టు 29

కూరగాయల జాగకు వెళ్లాం. మల్లికార్జున్ తాడు పట్టుకుని కొలుస్తుంటే ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. రోడ్డు వైపు ముందు భాగమంతా ఖాళీగా ఉండాలి. బండి నిలిచే షెడ్డు, మనుషులు ఉండే గది, పైపులు ఆరేసే చోటు. వెనుక సందు వైపు కొంత జాగ మిగులుతుంది. అది అందరికీ చాలదు, దగ్గర దగ్గరగా సర్దుకుంటే చాలవచ్చు.

"రూల్ ప్రకారం స్టేషన్ ఆవరణల బజారు ఉండొద్దు సర్" అన్నాడు మల్లికార్జున్ నా చెవిలో.

సోమక్కకు వినపడనే వినపడింది. "ఆవరణల ఎందుకుంటం సారూ? నడుమల గోడ పెట్టుండ్రి. మా మొకం సందు దిక్కు, మీ మొకం రోడ్డు దిక్కు."

"జనం బండికి అడ్డమొస్తరు."

"అడ్డమొస్తరో రారో, ఒకపారి బండి దెచ్చి సూడు."

ఆయన నావైపు చూశాడు. నేను సోమక్క వైపు చూశాను. సరేనన్నాడు.

చిలుకమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "సందుల ఎవడు కొంటడు? మీకేం, మీరు మొదట్నుంచి ఎనుకనే ఉంటిరి. పోయేది నా బేరం."  గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను వెంట వెళ్లబోతే సోమక్క ఆపింది. "ఇప్పుడొద్దు తమ్మీ."

సెప్టెంబరు 5

ఈ రోజు రాయకుండా ఉండలేను.

పొద్దున వెళ్లేసరికి జాగ అంతా ముగ్గుపిండి గీతలు! సోమక్క, యాదవ్వ తెల్లవారక ముందే వచ్చి వేశారట. ఇది గోడ, ఇది బండి తిరిగే చోటు, ఇవి గంపలు. గంప గంపకూ ఒక చదరం, నడవడానికి దారి. గంపలన్నీ ఆ చదరాల్లోనే పెట్టి, వచ్చినవాళ్లకు బేరాలు కూడా చేస్తున్నారు. ఆదివారం, జనం నిండుగా ఉన్నారు.

మల్లికార్జున్ బండి తెచ్చాడు. గంట కొడుతూ రోడ్డు మీది నుంచి లోపలికి వచ్చి, మలిపి, వెనక్కి నడిపించి షెడ్డు చోట నిలిపారు. మళ్లీ గంట కొట్టి బయటికి. డ్రైవర్ తల బయటపెట్టి చూస్తూ నడిపాడు. ముగ్గు గీతల మీద ఎక్కడా చక్రం పడలేదు. ఒక ముసలాయన బండి కిందికి వచ్చేలా ఉంటే సోమక్క రెక్క పట్టి గుంజేసింది. "సొరకాయ కొన్నవు గదా, ఇగ ఇంటికి పో!"

మల్లికార్జున్ దిగి నవ్వుతూ, "గోడకు గేటు మాత్రం పెట్టను సర్" అన్నాడు. "నాకు గేట్లంటే పడుతలేదు."

చిలుకమ్మ రాలేదు.

సెప్టెంబరు 7

చిలుకమ్మ ఇంటికి వెళ్లాను. మిల్లు రోడ్డున కాదు, తిన్నగా.  మంచినీళ్లు ఇచ్చింది. సందు మొగదల మూల చోటు ఆమెకు ఇవ్వాలని మిగతావాళ్లు అనుకున్నారని చెప్పాను. రోడ్డు మీద పోయేవాళ్లకు ఆ మూల కనిపిస్తుంది. "సూద్దాం తీ" అంది, గోడ వైపు చూస్తూ.

సెప్టెంబరు 28

కౌన్సిల్‌లో తీర్మానం పెట్టాను. ఆడవాళ్లు వచ్చి వరండాలో కూర్చున్నారు, కిటికీల నిండా ముఖాలు. ప్లాన్ సంగతి చెప్పడానికి మల్లికార్జున్ కూడా సభకు వచ్చాడు.

కిషన్ రావు లేచాడు. మల్గీల సంగతి చెబుతాడనుకున్నాను. చెప్పాడు కూడా. తర్వాత నావైపు తిరిగి, "సరే, ఇంజన్ తెస్తవు. నీళ్లేవి? ఒక్క బోరింగు మీద బండి ఎప్పటికి నిండాలె? ఒక గుడిసె ఆర్పినంక రెండో గుడిసెకు ఏం పోస్తవు?" అన్నాడు.

నన్ను పడగొట్టడానికే అడిగాడు. కాని అది సరైన ప్రశ్న. నేను ఆలోచించని ప్రశ్న. మల్లికార్జున్‌ను లేపి అడిగాను. పెద్ద నీళ్ల ట్యాంకు కడితే తప్ప సరిపోదని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. అయితే తీర్మానంలో ట్యాంకు కూడా కలపమన్నాను. ట్యాంకు, గోడ, వెనుక భాగంలో కూరగాయలమ్మేవారికి రేకుల పందిరి.

చేతులు లేచాయి. గెలిచాం. బొటాబొటిగా. కిషన్ రావు చెయ్యి లేవలేదు. బయటికి వస్తూ నా భుజం తట్టాడు. "ట్యాంకు నేను అడిగిన్నని రాయించు."

రాయించాను. అది నిజమే కదా.

నవంబరు 20

స్టేషన్ మంజూరు కాగితం సర్కారు నుంచి ఇంకా రాలేదు.

డిసెంబరు 16

అసెంబ్లీ ఎలక్షన్లట. అయ్యేవరకు ఏ పనీ జరగదన్నారు. నేను చెప్పవలసిన సంగతి కదా, ఈసారి కూరగాయల జాగకు నేనే వెళ్లి చెప్పాను. "మల్ల ఎండాకాలం ఒస్తది గద తమ్మీ" అంది సోమక్క. 

1983 జనవరి 25

సర్కారు మారింది. కొత్తవాళ్లు ఫైళ్లన్నీ మళ్లీ చూస్తారట. మల్లికార్జున్ ముఖం వాడిపోయి ఉంది. నేనే ధైర్యం చెప్పాను. చెప్పినంత ధైర్యం నాకు లేదు.

ఫిబ్రవరి 12

ఊరికే కూర్చుంటే కాదని మల్లికార్జున్, నేను ఒక మాటనుకున్నాం. స్టేషన్ కట్టేవరకు ఆగకుండా, ఉన్న రెండు బండ్లలో ఒకదాన్ని ఎండాకాలం ఇక్కడ నిలిపితే? జాగ మున్సిపాలిటీది, అది ఇవ్వడానికి పైనుంచి మంజూరు అక్కర్లేదు. తడికెల షెడ్డు వేస్తే చాలు. ఆయన తన పైఅధికారిని అడుగుతాడు.

కిషన్ రావు దగ్గరికి కూడా వెళ్లాను. ట్యాంకు కట్టడం మున్సిపాలిటీ చేతిలో పనే, ఆయన అడిగితే ఇంజనీరు వింటాడు. "నా ట్యాంకు గదా" అన్నాడు. నవ్వాడో ఎగతాళి చేశాడో తెలియలేదు.

మార్చి 9

ట్యాంకుకు పునాది తవ్వుతున్నారు. కిషన్ రావు గొడుగు వేసుకుని నిలబడి మేస్త్రీని తిడుతున్నాడు.

మార్చి 30

బండి వచ్చింది. తడికెల షెడ్డు కింద నిలబడింది. యాదవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో తట్టి, తన గంప దగ్గరికి పోయి కూర్చుంది.

పందిరి సగమే అయింది. మిగతా రేకులు తర్వాత వస్తాయంటున్నారు. ఎండ పడే సగంలో ఎవరు కూర్చోవాలన్నది రోజుకొకరుగా వాళ్లే వంతులు వేసుకున్నారు. చిలుకమ్మ మూలకు వచ్చింది. బేరం ముందంత లేదట. ఆ మాట రోజూ నాకు వినిపించేలా అంటుంది. అననీ. మిగిలిన రేకుల కోసం వచ్చే సమావేశంలో మళ్లీ లేస్తాను. ఇప్పుడు కాగితం చూసి చదవడం లేదు.

ఏప్రిల్ 24

గుడిసెల దగ్గర మళ్లీ మంట.

షెడ్డులో ఉండగా గంట వినిపించింది.  పరుగెత్తాను. నేను మలుపు తిరిగేసరికి బండి అక్కడే ఉంది! పైపులు పరిచి ఉన్నాయి, నీళ్లు కొడుతున్నారు. ఒక్క గుడిసె కప్పు కూలింది. పక్క గుడిసె అంచుకు మంట అంటుకుంది, ఆర్పేశారు. ఆ పక్కనుంచి వరుసంతా నిలబడే ఉంది. పొగలో నుంచి మనుషులు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. లెక్క చూశారు. అందరూ ఉన్నారు.

ఒక రాయి మీద కూర్చున్నాను.

అంతలో పెద్ద కేకలు. అంచు కాలిన గుడిసె సమ్మమ్మది. ఒంటరి ముసల్ది, నాలుక పదును. మల్లికార్జున్‌ను పట్టుకుని కడిగేస్తోంది.

"మంటార్పుమంటె బియ్యం తడుపుతార్రా! నెలకు సరిపడ బియ్యం! గింజ మిగల్లే! కండ్లున్నయా మీకు?"

ఆయన తల మీది ఇనుప టోపీ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఒంటి నిండా మసి, నీళ్లు. "తప్పయింది అవ్వా. జర చూసి కొట్టాల్సుండె."

"ఏం జూసుడు! ఇగో ఈ కౌన్సిలరు ఏడి?"

నేను లేచి వెళ్లాను. నాకూ తిట్లు పడ్డాయి. యాదవ్వ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అత్త పోయిన రోజు ఏడవని మనిషి.

తర్వాత తనే ఇంట్లో నుంచి పాత చీర తెచ్చి నేల మీద పరిచింది. సమ్మమ్మ తిడుతూనే కుండలో బియ్యం తెచ్చి దాని మీద కుమ్మరించింది. నేను, యాదవ్వ, ఫైరింజన్ డ్రైవర్ కూర్చుని పలచగా నెరిపాం. సమ్మమ్మ పైన నిలబడి, అటు మందంగా ఉంది, ఇటు మందంగా ఉంది అని చూపిస్తూ పోయింది.

ఎండ బాగా ఉంది. సాయంత్రానికి బియ్యం ఆరిపోయాయి.